చార్ట్‌వెల్: చర్చిల్ కాపురమున్న ఇంటికి టికెట్ కొనే ముందు

యుద్ధకాలపు చర్చిల్‌ని చూద్దామని చార్ట్‌వెల్‌కి వెళ్తే సగం నిరాశ తప్పదు. 1940 నుంచి 1945 దాకా ఈ ఇల్లు దాదాపు మూసే ఉంది. కొండవాలు మీద ఇల్లు, కింద చెరువులు, వెన్నెల రాత్రి విమానంలోంచి చూస్తే ఇట్టే ఆనవాలు పట్టేయొచ్చు. అందుకని చెరువుల మీద కొమ్మలూ రెమ్మలూ పరిచి కప్పేశారు. ప్రధానమంత్రి వారాంతాలు బకింగ్‌హామ్‌షైర్‌లోని చెకర్స్‌లో గడిచేవి. పౌర్ణమి దగ్గరపడితే అది కూడా ప్రమాదమని ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని డిచ్లీకి వెళ్లేవాడు. మరి చార్ట్‌వెల్‌లో చూడ్డానికేముంది అంటే, ఆయన ఏ ఇంటి మనుషులతో ఆ యుద్ధంలోకి అడుగుపెట్టాడో ఆ ఇంటి సంగతి ఉంది. అది తెలుసుకోవాలనుకునేవాళ్లకు ఇంతకన్నా మంచి చోటు ఇంగ్లండ్‌లో లేదు. కాకపోతే గదుల్లో కనిపించేదంతా కుటుంబం తను చూపించదలచుకున్న రూపం. ఈ ముక్క గుర్తు పెట్టుకుని లోపలికి వెళ్లాలి.

ఎందుకంటే 1965 జనవరిలో చర్చిల్ పోయాక భార్య క్లెమెంటీన్ ఇంటిని వెంటనే, చారిత్రక కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థకి అప్పగించింది. ఆమె, చిన్నకూతురు మేరీ, 1932 నుంచి ఆ ఇంట్లో సెక్రటరీగా పనిచేసిన గ్రేస్ హాంబ్లిన్ కలిసి గదుల్ని మళ్లీ 1930ల నాటి వాలకానికి తెచ్చారు. 1966లో జనానికి తలుపులు తెరిచారు. ముసలితనంలో మంచం కిందికి దింపుకున్నది, మెట్లెక్కలేక గదులు మార్చుకున్నది, అవేవీ ఇప్పుడు కనిపించవు. పిల్లలు ఇంట్లో తిరుగుతున్న రోజులే కనిపిస్తాయి. ఆ పిల్లల్లో ముగ్గురి జీవితాలు తర్వాత ఎలా నడిచాయో ఎక్కడా నొక్కి చెప్పరు.

ముందు దారీ టికెట్టూ. కెంట్‌లో వెస్టర్‌హామ్ అనే చిన్న ఊరికి దక్షిణాన రెండు మైళ్ల దూరం. కారుంటే ఎం25 రహదారి మీద 5 లేదా 6వ జంక్షన్ దగ్గర దిగాలి. రైలు నమ్ముకుంటేనే చిక్కు. ఎడెన్‌బ్రిడ్జ్, ఆక్స్‌టెడ్, సెవెనోక్స్ అన్నీ నాలుగు నుంచి ఆరున్నర మైళ్ల దూరంలో ఉన్నాయి. స్టేషన్ బయట టాక్సీలు వరసగా నిలబడి ఉంటాయనుకోవద్దు, ముందే మాట్లాడుకోండి. బ్రామ్లీ నుంచి 246 నంబరు బస్సు వెస్టర్‌హామ్ దాకా వస్తుంది. వేసవి ఆదివారాలూ బ్యాంకు సెలవు రోజుల్లో చార్ట్‌వెల్ దాకా పొడిగించడం ఆనవాయితీ, ఏ ఏటికి ఆ ఏడు చూసుకోవాలి. మామూలు రోజుల్లో వెస్టర్‌హామ్‌లో దిగి నడిచేవాళ్లున్నారు. కానీ ఎక్కుడు దిగుడు దారి, వానపడితే జారుడు.

తోటలు ఏడాదిలో ఎక్కువ కాలం తెరిచే ఉంటాయి. ఇల్లు మాత్రం సాధారణంగా మార్చి మొదలు అక్టోబరు చివరిదాకానే. చాలామంది బోల్తాపడేది ఇక్కడే. చలికాలంలో 'ఓపెన్' అని చూసి వస్తారు, తీరా తెరిచి ఉన్నది తోట. టికెట్ కొనేటప్పుడు అందులో ఇల్లు కూడా ఉందో లేదో చదువుకోండి. ఇంటికి వేరే సమయం కేటాయిస్తారు, వారాంతాల్లో మధ్యాహ్నం వేళలు ముందే నిండిపోతాయి. పొద్దున మొదటి వేళే తీసుకోవడం మేలు. స్టడీ రూములో పదిమంది చేరితే ఇక ఎవరికీ ఏమీ కనపడదు. నేషనల్ ట్రస్ట్ సభ్యులకు ప్రవేశం, పార్కింగ్ రెండూ ఉచితం. ఇంగ్లండ్‌లో ఇలాంటి ఇళ్లు మరో రెండుమూడు చూసే ఆలోచన ఉంటే సభ్యత్వమే గిట్టుబాటు. పెద్ద బ్యాగులు లోపలికి రానివ్వరు.

కారు పార్కు నుంచి ఇంటి దాకా, ఇంటి నుంచి చెరువుల దాకా అంతా వాలే. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, చక్రాల కుర్చీ వాడేవాళ్లు ముందే ఫోన్ చేసి ఏ దారిన రావాలో అడగడం మంచిది. ఇంటికి గంటా గంటన్నర, తోటకీ, ఆయన బొమ్మలు వేసుకున్న స్టూడియోకీ రెండు గంటలు. మొత్తం నాలుగు గంటలు పెట్టుకుంటే పరుగులు పెట్టనక్కర్లేదు.

ఇక ఇంటి సంగతి. దీన్ని కొన్న తీరు తెలియకపోతే లోపల సగం అర్థం కాదు. 1921 ఆగస్టులో వాళ్ల నాలుగో బిడ్డ మేరీగోల్డ్, ఇంకా మూడేళ్లు నిండకుండానే, గొంతునొప్పితో మొదలై రక్తం విషమై చనిపోయింది. మరుసటేడు సెప్టెంబరులో మేరీ పుట్టింది. ఆ నెలలోనే చర్చిల్ 5,000 పౌండ్లకు చార్ట్‌వెల్ ఖాయం చేశాడు. పెద్దపిల్లలు డయానా, రాండాల్ఫ్, శారా ముగ్గుర్నీ కార్లో తీసుకెళ్లి ఇల్లు చూపించి, నచ్చిందా అని అడిగి, వాళ్లు కొనమని గోల చేశాక అసలు సంగతి బయటపెట్టాడు. పచ్చి బాలింత అయిన భార్యను మాత్రం అడగలేదు. తేమ పట్టిన గోడలు, ఇంటిని కమ్మేసిన చెట్లు, నిలబెట్టడానికి అయ్యే ఖర్చు అన్నీ ఆమెకు కళ్లకు కట్టాయి. ఫిలిప్ టిల్డెన్ అనే ఆర్కిటెక్ట్ 7,000 పౌండ్లవుతుందన్న మరమ్మతు చివరికి 18,000 దాటింది. 1924లో గానీ కాపురం పెట్టలేకపోయారు. డబ్బు విషయంలో ఆమె భయమే నిజమైంది. 1926లో ఇంటి ఖర్చు తగ్గించమంటూ చర్చిలే ఒక చిట్టా రాశాడు, ప్రత్యేకంగా చెబితే తప్ప షాంపేన్ వద్దని అందులో ఒక అంశం. 1929 స్టాక్ మార్కెట్ పతనం తర్వాత చలికాలంలో పెద్ద ఇల్లు దాదాపు మూసేసి స్టడీ ఒక్కటే నడిపించారు. 1930ల చివర అమ్మకానికి కూడా పెట్టారు.

ఇదంతా తెలిసి చూస్తే క్లెమెంటీన్ పడకగది వేరేగా కనిపిస్తుంది. టిల్డెన్ కొత్తగా కట్టిన భాగంలో, పైన, డేరాలా వంపు తిరిగిన కప్పు. లేత నీలి గోడలు, ఎర్ర తెరల పందిరిమంచం, కిటికీలోంచి వీల్డ్ లోయ. భర్త గది ఇక్కడ కాదు, స్టడీ పక్కన. ఇద్దరి వేళలూ కలిసేవి కావు. ఈమె పొద్దున్నే లేచే మనిషి, ఆయన రాత్రి రెండూ మూడింటి దాకా సెక్రటరీల చేత రాయించి, పొద్దున మంచం మీదే కాగితాలు పరుచుకునే రకం. పొద్దుటి ఫలహారం ఎవరి గదిలో వాళ్లదే. గదిలో ఉండే వలంటీరుని వాళ్ల ఉత్తరాల గురించి అడిగి చూడండి. ఒకే ఇంట్లో ఉంటూ చీటీలు రాసుకున్న జంట అది. ముద్దుపేర్లలో ఆమె పిల్లి, ఆయన పగ్ కుక్క లేదా పంది. సంతకం పక్కన ఆ బొమ్మలు గీసుకునేవాళ్లు.

ఆ ఉత్తరాల్లో ఒకటి యుద్ధానికి నేరుగా సంబంధించింది. 1940 జూన్ 27న, ఫ్రాన్స్ పడిపోయిన వారంలో, క్లెమెంటీన్ భర్తకు రాసింది. మీ కిందివాళ్లతో మీరు మొరటుగా, ఎగతాళిగా మాట్లాడుతున్నారని మీ దగ్గరివాళ్లే చెబుతున్నారు, ఇలాగైతే మంచి సలహాలు మీకందవు అని దాని సారాంశం. చెకర్స్‌లో ఒకసారి రాసి చింపేసి, మళ్లీ రాసి ఇచ్చింది. చివర పిల్లి బొమ్మ మామూలే. దేశంలో ఆ మాట అతని మొహం మీద చెప్పగలిగింది బహుశా ఆమె ఒక్కతే. చార్ట్‌వెల్ గదులు చూశాక ఆ ధైర్యం ఎక్కడిదో తెలుస్తుంది. పద్దెనిమిదేళ్లపాటు ఇంటి లెక్కల దగ్గర రోజూ చేసిన సాధన అది.

స్టడీ గురించి ఎవరైనా చెబుతారు. పాత కప్పు తీసేసి బయటపెట్టిన దూలాలు, తండ్రి లార్డ్ రాండాల్ఫ్ వాడిన బల్ల, దాని మీద కుటుంబం ఫొటోలు. అక్కడ రెండు వస్తువులు చూడకుండా రావద్దు. ఒకటి, గోడవారన ఉన్న నిలువు బల్ల. నిలబడి ప్రూఫులు దిద్దుకోవడానికి 1949లో పిల్లలంతా కలిసి చేయించి ఇచ్చింది. రెండోది కాళ్ల కింద ఉంది కాబట్టి ఎవరూ చూడరు. ఖొరాసాన్ తివాచీ, 1943లో టెహ్రాన్‌లో మిత్రరాజ్యాల నేతల సమావేశం మధ్యలో వచ్చిన 69వ పుట్టినరోజున ఇరాన్ షా బహూకరించింది. ఆ సమావేశానికి చర్చిల్ వెంట వెళ్లిన కూతురు శారా. అప్పటికామె వైమానిక దళం మహిళా విభాగంలో, మెడ్మెనమ్‌లో విమానాలు తీసిన ఫొటోలను పరిశీలించే ఉద్యోగంలో ఉంది. 1945లో యాల్టాకూ ఆమే వెళ్లింది. మేరీ విమాన విధ్వంసక ఫిరంగి దళంలో చేరి, 1943లో క్యూబెక్‌కీ 1945లో పోట్స్‌డామ్‌కీ తండ్రి వెంట ఉంది. డయానా మొదట నౌకాదళం మహిళా విభాగం, తర్వాత వైమానిక దాడుల వార్డెన్. రాండాల్ఫ్ ఉత్తర ఆఫ్రికాలో, ఆపైన యుగోస్లావియాలో టిటో గెరిల్లాల దగ్గర. ఈ వరస ముందే తెలిసి వెళ్తే ఆ బల్ల మీది ఫొటోల్లో మొహాలు గుర్తుపట్టొచ్చు. తెలియకుండా వెళ్తే అవి ఎవరో యూనిఫారాల్లో ఉన్న మనుషులు, అంతే.

భోజనాల గది కింది అంతస్తులో తోటకి ఆనుకుని ఉంటుంది. గుండ్రటి ఓక్ బల్ల, చేతులున్న కుర్చీలు. కుర్చీ ఎలా ఉండాలో చర్చిల్ ఒక పెద్ద వివరణే రాసి మరీ చేయించాడు: కూర్చున్నవాడికి హాయిగా ఉండాలి, చేతులు ఉండాలి, చోటు తినకూడదు. మధ్యాహ్న భోజనం గంటల తరబడి సాగే ఇంట్లో ఇది చిన్న విషయం కాదు. పిల్లలు పెద్దవాళ్ల మాటలు వింటూ పెరిగింది ఈ బల్ల దగ్గరే. రాండాల్ఫ్‌కి ఆ నోటిదురుసు ఎక్కడ అలవాటయిందో కూడా ఇక్కడే ఊహించుకోవచ్చు. డ్రాయింగ్ రూములో ఫ్రెంచి చిత్రకారుడు మోనే గీసిన లండన్ చారింగ్ క్రాస్ వంతెన చిత్రం, ఫ్రెంచి నేత డి గాల్ క్లెమెంటీన్‌కిచ్చిన లాలిక్ గాజు కోడిపుంజు ఉన్నాయి. లైబ్రరీ గోడకి అరోమాంష్ దగ్గరి మల్బరీ రేవు, అంటే 1944లో ఫ్రాన్స్ తీరాన సేనల్ని దింపడానికి కట్టిన తాత్కాలిక రేవు, నమూనా ఉంది. యూనిఫారాలూ పతకాలూ ఉన్న గదిలో మాత్రం జనం ఊరికే ఎక్కువసేపు నిలబడిపోతారు. కుటుంబం కోసం వచ్చినవాళ్లు అక్కడ సమయం ఆదా చేసుకోవచ్చు.

కర్టెన్లు, పటాలు వెలిసిపోకుండా వెలుతురు తగ్గించి ఉంచుతారు కాబట్టి ఫొటోలు అంత బాగా రావు, ఫ్లాష్ వాడనివ్వరు. గదుల్లో రాసిపెట్టిన వివరాలు కూడా తక్కువే. సేవ బాగుందా లేదా అన్నది వలంటీర్ల మీద ఆధారపడి ఉంటుంది. అడిగితే చాలామందికి చాలా తెలుసు, అడగకపోతే పలకరించి ఊరుకుంటారు. ఆడియో గైడ్ ఉంటుందని ఆశపడేవాళ్లకు ఇది లోటుగానే అనిపిస్తుంది.

అసలు సరుకు తోటలో ఉంది. కూరగాయల తోట చుట్టూ ఉన్న ఇటుక గోడలో ఎక్కువ భాగం 1925, 1932 మధ్య చర్చిల్ స్వహస్తాలతో కట్టాడని గోడకే ఒక ఫలకం ఉంది. రోజుకి 200 ఇటుకలు, 2,000 మాటలు అని 1928లో అప్పటి ప్రధాని బాల్డ్విన్‌కి రాసుకున్నాడు. ఆ ఏడే మేస్త్రీల యూనియన్‌లో సభ్యత్వం కూడా తీసుకున్నాడు. గోడని దగ్గరగా చూడండి. వరసలు అన్నిచోట్లా సమంగా లేవు, సున్నం మందం ఒకచోట ఒకలాగ, ఇంకోచోట ఇంకోలాగ ఉంటుంది. ఫలకం చదివి ముందుకు సాగిపోయేవాళ్లు ఈ సంగతి గమనించరు. అక్కడే ఆడపిల్లలు ఆడుకోవడానికి కట్టించిన చిట్టి ఇటుక ఇల్లు, మేరీకాట్. చిన్నపిల్లలతో వచ్చినవాళ్లు ఇంటిని పక్కనపెట్టి నేరుగా ఇక్కడికే రావచ్చు.

ఆ తోట మధ్యనుంచే గోల్డెన్ రోజ్ వాక్. 1958 సెప్టెంబరు 12న పెళ్లయి యాభై ఏళ్లు నిండినప్పుడు పిల్లలిచ్చిన కానుక: 32 రకాల పసుపు, బంగారు వన్నె గులాబీలు. జూన్, జూలైలో రావాలి. ఏప్రిల్‌లో వస్తే కత్తిరించిన మోళ్లు కనిపిస్తాయి, టికెట్ ధర మాత్రం తగ్గదు. ఆ నడకదారి దగ్గర ఒక సూర్యగడియారం ఉంది. చాలామంది దాని మీద గంట చూసుకుని వెళ్లిపోతారు. దాని కింద పాతిపెట్టింది ఒక పావురాన్ని. 1934 డిసెంబరులో క్లెమెంటీన్ ఒక ధనిక మిత్రుడి ఓడలో తూర్పు ద్వీపాలకు వెళ్లి నాలుగు నెలలకు పైగా ఇంటి మొహం చూడలేదు. తిరిగొచ్చేటప్పుడు బాలి నుంచి ఆ పక్షిని తెచ్చుకుంది. ఆమె లేని ఆ నెలలన్నీ చర్చిల్ 'చార్ట్‌వెల్ బులెటిన్' అని పేరుపెట్టి, నంబర్లు వేసి ఉత్తరాలు పంపాడు. కాలువ తవ్వే యంత్రం బురదలో కూరుకుపోయింది, హంసలు ఏం చేస్తున్నాయి, పిల్లలు ఏమంటున్నారు, అన్నీ పూసగుచ్చినట్టు. మొగుడూ పెళ్లాల మధ్య దూరం, ప్రేమ రెండూ ఒకేచోట కనిపించే వస్తువు ఈ ఇంట్లో ఒకటి చూపించమంటే ఈ సూర్యగడియారమే.

గోల్డెన్ ఆర్ఫ్ చేపల కొలను, ఆయన కూర్చుని మేత వేసిన చోటు ఇంటికి దగ్గర్లోనే. రూఫస్‌లు ఇద్దరి సమాధులూ, అంటే రెండు పూడుల్ కుక్కలవి, తోటలోనే ఉన్నాయి. తెల్ల చొక్కా, నాలుగు తెల్ల మేజోళ్లు వేసుకున్నట్టుండే నారింజరంగు పిల్లి ఎదురైతే దాని పేరు జాక్. చర్చిల్ 88వ పుట్టినరోజుకు, ఆయన ప్రైవేట్ సెక్రటరీగా పనిచేసిన జాక్ కోల్విల్ ఇచ్చిన పిల్లి పేరు అది. అలాంటి పిల్లి, అదే పేరుతో, ఎప్పుడూ ఈ ఇంట్లో ఉండాలని కుటుంబం షరతు పెట్టింది. ట్రస్ట్ నేటికీ దాన్ని పాటిస్తోంది. స్టూడియోలో ఆయన చిత్రాలు వందకు పైగా ఉన్నాయి. తోట దిగువన ఉండటంతో అలసిపోయి వదిలేసేవాళ్లు ఎక్కువ, కాబట్టి ఇంటికన్నా ముందే చూసేయండి.

లోపాల విషయానికొస్తే, పిల్లల కథను ఇల్లు మధ్యలో ఆపేస్తుంది. శారా 1936లో విక్ ఆలివర్ అనే హాస్యనటుణ్ని పెళ్లాడటానికి న్యూయార్క్ పారిపోతే, ఆపడానికి తండ్రి రాండాల్ఫ్‌ని ఇంకో ఓడలో వెనకే పంపాడు. రాండాల్ఫ్, పమేలాల కొడుకు 1940 అక్టోబరులో చెకర్స్‌లో పుట్టాడు, యుద్ధం ముగిసేసరికి ఆ కాపురమూ ముగిసింది. డయానా 1963లో మందులు ఎక్కువ మోతాదులో మింగి చనిపోయింది. మేరీ ఒక్కతే నిలకడగా స్థిరపడింది. ఆమె బాల్యమంతా ఇక్కడే, మారియట్ వైట్ అనే బంధువు పెంపకంలో గడిచింది. పెద్దవాళ్లు ముగ్గురూ ఆయాలు మారుతున్న ఇళ్లలో పెరిగారు. తేడా అందులోనే ఉందనడానికి పూర్తి ఆధారం లేదు గానీ, కొట్టిపారేసే మాటా కాదు.

ఇంకో మాట, మనవాళ్లకి తట్టకుండా ఉండదు. 1931లో భారత స్వపరిపాలనను వ్యతిరేకిస్తూ పార్టీ నాయకత్వంతో తెగతెంపులు చేసుకున్నదీ, 1935 భారత ప్రభుత్వ చట్టం దాకా పోరాడిందీ ఈ ఇంట్లో కాపురమున్న రోజుల్లోనే. 1943 బెంగాల్ కరువునాటి ప్రధాని ఆయనే. నేషనల్ ట్రస్ట్ 2020లో వెలువరించిన నివేదికలో చార్ట్‌వెల్ పేరు ఈ కారణాలతోనే చేర్చింది, దాని మీద బ్రిటన్‌లో పెద్ద రగడ జరిగింది. గదులు మాత్రం ఒక సంసారం చుట్టూ అమర్చినవి. ఆ చర్చ కోసం వెళ్లేవాళ్లు చదువు ముందే ముగించుకుని వెళ్లాలి.

యుద్ధరోజుల కాపురమే కావాలంటే డబ్బూ సమయమూ లండన్ కింగ్ చార్లెస్ స్ట్రీట్‌లోని చర్చిల్ వార్ రూమ్స్‌కి, అంటే నేల కింద నడిచిన యుద్ధకాలపు కార్యాలయానికి పెట్టండి. అక్కడ ఆడియో గైడ్ టికెట్‌లోనే వస్తుంది. జనం మ్యాప్ రూము దగ్గర గుంపుకడతారు. మీరు 2003లో తెరిచిన వెనక గదులకు వెళ్లండి: క్లెమెంటీన్ పడకగది, భోజనాల గది, వంటగది. నేల కింద చర్చిల్ నిద్రపోయిన రాత్రులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాళ్లు నిజంగా కాపురమున్నది పైనున్న అనెక్స్ ఫ్లాట్‌లో, దాన్ని చూడనివ్వరు. చెకర్స్ కూడా అంతే, అది నేటికీ ప్రధానుల విడిది.

చార్ట్‌వెల్ కెఫే పేరు లాండ్‌మేర్. 1940 నుంచి పద్నాలుగేళ్లు ఆ ఇంటికి వండిపెట్టిన జార్జీనా లాండ్‌మేర్ పేరే పెట్టారు. 1940 అక్టోబరు 14 రాత్రి డౌనింగ్ స్ట్రీట్‌లో భోంచేస్తున్న చర్చిల్ ఉన్నట్టుండి లేచి, వంటలు బల్ల దగ్గర పెట్టేసి వంటింట్లో వాళ్లంతా షెల్టర్‌కి పొమ్మన్నాడు. మూడు నిమిషాలకు పక్కనే బాంబు పడి వంటిల్లు నుగ్గయింది. ఎండరోజుల్లో పన్నెండున్నర దాటితే కెఫేలో వరస పొడుగ్గా ఉంటుంది, పన్నెండు లోపే తినేయండి. లేదా ఏదైనా కట్టుకుని వెళ్లి గడ్డిమీద కూర్చోండి, ఎవరూ అడ్డు చెప్పరు. బస్సులో వచ్చినవాళ్లు తిరుగు బస్సు వేళ దిగగానే ఫొటో తీసి ఉంచుకోండి, ఆ లోయలో ఫోన్ సిగ్నల్‌ని నమ్ముకోవద్దు.